లోయరింగ్ చేసిన డర్ట్ బైక్‌ని మళ్ళీ స్టాక్ హైట్‌కి తేవాలంటే: ముందు ఎక్కడ తగ్గించారో పట్టుకోండి

సెకండ్ హ్యాండ్‌లో డర్ట్ బైకో, రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచే డ్యుయల్ స్పోర్ట్ బండో కొన్నాక చాలామందికి ఇంటికొచ్చాక గానీ తెలీని విషయం ఏంటంటే, పాత ఓనర్ దాని హైట్ తగ్గించి వాడాడని. ఫొటోల్లో అస్సలు తెలీదు. చూడ్డానికి వెళ్ళి కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి, మనకి భలే సరిపోయింది అనుకుని డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. తర్వాత మొదటిసారి రాళ్ళ దార్లోకి తీసుకెళ్ళినప్పుడు ఇంజిన్ కింద ప్లేటు టంగుమని తగులుతుంది, చిన్న గట్టు దూకితేనే వెనక సస్పెన్షన్ దబ్బున అడుగంటుతుంది, అప్పుడు వెతకడం మొదలుపెడతారు, దీన్ని మళ్ళీ కంపెనీ హైట్‌కి ఎలా తేవాలి, ఏ పార్టు కొనాలి అని.

ఏ పార్టు కొనాలి అనే ప్రశ్నకి బండి చూడకుండా ఎవరైనా జవాబిచ్చారంటే నమ్మకండి. ఎందుకంటే హైట్ అనేది ఒక పార్టులో ఉండేది కాదు. సీటు ఫోమ్, ట్రిపుల్ క్లాంప్‌లో (ఫోర్క్ గొట్టాల్ని హ్యాండిల్ దగ్గర పట్టి ఉంచే బిగింపు) ఫోర్క్ ఎంత పైకి ఉంది, ఫోర్క్ లోపలి పొడవు, వెనక లింకేజీ (వెనక సస్పెన్షన్‌ని కలిపే పట్టీలు), షాక్ (వెనక షాక్ అబ్జార్బర్) పొడవు, స్ప్రింగ్ ఎంత గట్టిగా బిగించారు, ఇవన్నీ కలిస్తే వచ్చే లెక్క అది. పాత ఓనర్ ఇందులో దేన్నైనా ముట్టుకుని ఉండొచ్చు, రెండు మూడు కలిపి కూడా చేసుండొచ్చు. పైగా చాలా లోయరింగ్ పనుల్లో ఒక మార్పు చేస్తే దానికి తగ్గట్టు ఇంకో రెండు మార్పులు చేయాల్సొస్తుంది, మనం వెనక్కి తెచ్చేటప్పుడు మొదటిది కనిపెట్టి మిగతా రెండూ వదిలేస్తే బండి ఎత్తు పెరుగుతుంది గానీ నడక మాత్రం లోయరింగ్‌లో ఉన్నప్పటికన్నా ఘోరంగా తయారవుతుంది. ఈ వ్యాసమంతా ఆ మిగతా రెండింటి గురించే అనుకోండి.

అసలు ఎందుకు తగ్గిస్తారో చెప్పుకుంటే, తప్పేం కాదు అది. స్ప్లెండర్ సీటు హైట్ 785 ఎంఎం. సుజుకీ డీఆర్‌జెడ్400ఎస్ సీటు హైట్ 935 ఎంఎం. అంటే 15 సెంటీమీటర్ల తేడా. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి దాని మీద కూర్చుంటే కాలి వేళ్ళ చివర్లు కూడా సరిగ్గా ఆనవు, సిగ్నల్ దగ్గర ఆగాలన్నా భయమే. అమెరికాలో ఉండే మనోళ్ళు చాలామంది ఇలాంటి బళ్ళు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటారు, అక్కడ పొట్టివాళ్ళు వాడిన బళ్ళు లోయరింగ్ అయ్యి దొరకడం మామూలే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ బండికి అంత ఎత్తు ఊరికే ఇవ్వలేదు, ముందూ వెనకా 290 ఎంఎం దాకా చక్రం పైకీ కిందకీ ఆడాలి కాబట్టి ఇచ్చారు. ఎత్తు తగ్గించారంటే ఒకటి ఆ ఆట తగ్గిపోయుంటుంది, లేదా ఆట అలాగే ఉండి చక్రం వెళ్ళకూడని చోటుకి వెళ్తూ ఉంటుంది. ఈ రెంటిలో మీ బండి ఏది అనేది తేల్చుకోవడమే మొదటి పని.

స్టాక్ అంటే ఏ స్టాక్?

దీనికి ముందు ఇంకో చిన్న మెలిక. మీ బండికి కంపెనీ ఇచ్చిన హైట్ ఎంతో ఖాయంగా తెలుసా? హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ మామూలు మోడల్ సీటు 825 ఎంఎం, సస్పెన్షన్ ట్రావెల్ (పైన చెప్పిన ఆట) ముందు 190, వెనక 170. అదే ప్రో మోడల్‌కి సీటు 891, ట్రావెల్ 250, 220. ప్రో పక్కన మామూలుది పెట్టి చూసి ఎవరో లోయరింగ్ చేశారనుకుంటే పొరపాటే, దాని స్టాక్ అంతే. జపాన్‌లో 2021 మోడల్ హోండా సీఆర్ఎఫ్250ఎల్ కూడా ఇలాగే రెండు రకాలు, మామూలుది 830, ఎస్ టైప్ 880. ఇక సుజుకీ డీఆర్650ఎస్ఈ అయితే ఒకే బండికి కంపెనీయే రెండు హైట్‌లు పెట్టింది, 885, 845. వెనక షాక్ కింది మౌంటుకి రెండో బోల్టు రంధ్రం ఉంటుంది, ముందు ఫోర్క్ లోపల స్పేసర్ జాగా మారుస్తారు, దాంతో పాటు పొట్టి సైడ్ స్టాండ్ వేస్తారు. ఆ బండి కొన్నవాళ్ళు చాలామంది ఏవేవో లింకేజీ పట్టీలు ఆర్డర్ పెట్టేముందు షాక్ కింది బోల్టు ఏ రంధ్రంలో ఉందో చూసుకుంటే చాలు, సగం కథ అక్కడే తేలిపోతుంది.

కాబట్టి మీ ఏడాది, మీ వేరియంట్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. సీటు హైట్ అంకె కాదు మీకు కావల్సింది, ముందు వెనక వీల్ ట్రావెల్, ట్రిపుల్ క్లాంప్ పైన ఫోర్క్ ఎంత బయటికి ఉండాలి, ఫోర్క్ ఆయిల్ లెవెల్, స్ప్రింగ్ పొడవు, బోల్టుల టార్క్. ఈ అంకెలు లేకుండా పని మొదలుపెడితే అంతా అంచనా మీదే నడుస్తుంది.

బండిని చదవడం

బండిని సెంటర్‌లో స్టాండ్ మీద ఎత్తి రెండు చక్రాలూ గాల్లో వేలాడేలా పెట్టండి. పానా ఇప్పుడే వద్దు, టేపు చాలు.

ముందు సీటు చూడండి, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే. కవర్ కింద పిన్నులు కొత్తగా ఉన్నాయా, మధ్యలో ఫోమ్ చెక్కేసి పల్లంగా ఉందా. సీటు చెక్కితేనే సుమారు రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిపోతుంది, దానికీ సస్పెన్షన్‌కీ సంబంధం లేదు. కొన్ని బళ్ళకి లోయరింగ్ అంతా అదే, స్టాక్ సీటు ఒకటి దొరికితే పని అయిపోతుంది, అదృష్టవంతులు.

తర్వాత ట్రిపుల్ క్లాంప్ పైన ఫోర్క్ గొట్టాలు. ఇది చాలా తేలికైన లోయరింగ్, బోల్టులు వదులు చేసి ఫోర్క్‌ని పైకి జరిపేస్తారు, బండి ముందు భాగం కిందకి దిగుతుంది. మాన్యువల్ చెప్పిన దానికన్నా గొట్టం పైకి ఎక్కువ పొడుచుకుని ఉంటే ఇదే చేశారన్నమాట. కేటీఎం ఫోర్కుల పైభాగంలో గీతలు ఉంటాయి, వాటిని బట్టి చూసుకోవచ్చు. ఇందులో ట్రావెల్ ఏం తగ్గదు. కానీ సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం, మడ్‌గార్డ్ మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది, కాబట్టి మడ్‌గార్డ్ అడుగున టైరు గీసిన గుర్తులు వెతకండి.

ఫోర్క్ క్లాంప్‌లో సరైన చోటే ఉండి కూడా ముందు భాగం కిందకి ఉందంటే లోపల ఏదో పెట్టారు. గొట్టం లోపల డ్యాంపర్ రాడ్ (ఫోర్క్ కదలికని అదుపు చేసే కడ్డీ) దగ్గర, ఫోర్క్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దెబ్బ తగలకుండా ఆపే టాప్ అవుట్ స్ప్రింగ్ ఉన్న చోట ఒక స్పేసర్ వేస్తే ఫోర్క్ పూర్తిగా తెరుచుకోకుండా ముందే ఆగిపోతుంది. బయటికి కనపడేదల్లా మెరిసే గొట్టం పొడవు తక్కువగా ఉండటం. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఆ పొడవు కొలిచి అదే మోడల్ స్టాక్ బండితో పోల్చండి. దొరక్కపోతే స్ప్రింగ్ తీసేసి ఫోర్క్‌ని పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి తేడా కొలవాలి. మాన్యువల్ 300 అంటోంది మీకు 265 వచ్చింది అనుకోండి, లోపల 35 ఎంఎం స్పేసర్ కూర్చుని ఉందని అర్థం.

ఇప్పుడు వెనక. మొదట అడగాల్సింది, మీ బండికి లింకేజీ ఉందా లేదా. హిమాలయన్, డీఆర్‌జెడ్ లాంటి వాటికి వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కీ షాక్‌కీ మధ్య లింకేజీ ఉంటుంది, అందులో డాగ్ బోన్స్ అని రెండు పట్టీలు ఉంటాయి. చాలా జపాన్ బళ్ళలో ఆ పట్టీ పొడవు పెంచితే వెనక భాగం దిగుతుంది. కేటీఎం ఈఎక్స్‌సీ బళ్ళకి లింకేజీయే లేదు, షాక్ నేరుగా స్వింగ్ ఆర్మ్ మీదే కూర్చుంటుంది, కాబట్టి ఈఎక్స్‌సీ లోయరింగ్ అయ్యిందంటే చేసింది షాక్ లోపలే, లేదా స్ప్రింగ్ దగ్గరే, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

డాగ్ బోన్ కొలత విషయంలో జాగ్రత్త, ఎందుకంటే ఇక్కడ కొద్ది మిల్లీమీటర్ల తేడాకే చక్రం దగ్గర పాతిక నలభై ఎంఎం మారిపోతుంది. రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి టేపుతో కంటి అంచనాగా కొలిస్తే కుదరదు. పట్టీ విప్పి, రెండు రంధ్రాలూ ఒకే సైజైతే ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి రెండో రంధ్రం ఎడమ అంచుకి వెర్నియర్‌తో కొలవండి, అది సెంటర్ నుంచి సెంటర్‌కి ఉన్న దూరంతో సమానం. కంపెనీ పట్టీ మీద సాధారణంగా పోత గుర్తులు, పార్ట్ మార్కింగ్ ఉంటాయి, బయట చేయించినవి నున్నగా మెషిన్ చేసిన అల్యూమినియం బిళ్ళల్లా, రంగు రంగులుగా ఉంటాయి, చూడగానే చాలాసార్లు తెలిసిపోతుంది.

లోయరింగ్ లింక్ వేసిన బండికి ఇంకో సాక్ష్యం వెనక మడ్‌గార్డ్ లోపల దొరుకుతుంది. లింక్ మార్చితే షాక్ ట్రావెల్ తగ్గదు, చక్రం మొదలయ్యే చోటే పైకి జరుగుతుంది, అందుకని చివర్న కూడా అంత పైకి వెళ్ళి ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది. టార్చి పెట్టి చూస్తే టైరు బటన్లు వరసగా గీకిన చారలు, ఒక్కోసారి వేడికి కరిగి నల్లగా మెరిసే మచ్చ కనపడుతుంది. వైరింగ్ అటు నుంచి వెళ్తుంటే దాని తొడుగు కూడా చిరిగి ఉంటుంది, టెయిల్ లైట్ ఉన్నట్టుండి ఆరిపోయే సమస్య ఉన్న లోయరింగ్ బళ్ళలో నేను మొదట చూసేది అక్కడే.

లింక్ స్టాకే, అయినా వెనక దిగి ఉందంటే షాక్ లోపల స్పేసర్. పై కన్ను (బోల్టు రంధ్రం) నుంచి కింది కన్ను దాకా షాక్ పొడవు కొలిస్తే తెలుస్తుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, షాక్ కదిలే ప్రతి ఒక్క ఎంఎంకి చక్రం రెండున్నర నుంచి మూడు ఎంఎం దాకా కదులుతుంది, గునపంతో రాయి లేపినట్టు, ఇటు కొంచెం కదిలితే అటు చాలా కదులుతుంది. అంటే లోపల 10 ఎంఎం స్పేసర్ వేస్తే చక్రం దగ్గర 25 నుంచి 30 ఎంఎం పోయినట్టే. టేపుతో షాక్ కొలిచి "ఏముందిలే 10 ఎంఎంయే కదా" అనుకునేది కాదు.

పాత ఓనర్‌ని అడగడం కూడా ఒక పద్ధతే, నిజానికి అన్నిటికన్నా చవకైన పద్ధతి. స్టాక్ డాగ్ బోన్స్, స్టాక్ స్టాండ్ చాలామంది పారేయరు, గ్యారేజీలో ఏదో డబ్బాలో ఉంటాయి. ఫోన్ చేసి మర్యాదగా అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. షాక్ ఏ షాపులో చేయించారో అడగండి, ఆ షాపు బిల్లు మీద ఎంత ఎంఎం స్పేసర్, ఏ స్ప్రింగ్ అని రాసి ఉంటే సగం కొలతలు తీసే పని తప్పినట్టే.

అసలు తిప్పలు ఎక్కడంటే

ఫోర్క్ పైకి జరిపినదాన్ని కిందకి జరపడం, డాగ్ బోన్ మార్చడం, ఇవి ఇంట్లో చేసుకునే పనులే. విప్పినప్పుడు లింకేజీ నీడిల్ బేరింగులు కడిగి గ్రీజు పెట్టండి, తుప్పు పట్టి ఉంటే మార్చేయండి, మళ్ళీ మళ్ళీ విప్పే చోటు కాదది. ట్రిపుల్ క్లాంప్ బోల్టులని మాత్రం బలమంతా పెట్టి బిగించకండి, చాలా డర్ట్ బైకులకి అవి 12 నుంచి 20 న్యూటన్ మీటర్ల మధ్యలోనే ఉంటాయి, ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి ఫోర్క్ లోపల పట్టేస్తుంది, తర్వాత సస్పెన్షన్ కదిలే వేగాన్ని సర్దే స్క్రూల్ని ఎన్ని క్లిక్కులు తిప్పినా ముందు భాగం గట్టిగానే ఉంటుంది.

చిక్కంతా లోపలి స్పేసర్లతోనే. ఫోర్క్‌నే తీసుకుందాం. 35 ఎంఎం స్పేసర్ వేసినప్పుడు ఫోర్క్ 35 ఎంఎం పొట్టిగా అయ్యింది కదా, మరి లోపల ఉన్న స్ప్రింగ్ పొడవు మారలేదు, అందుకని మూత బిగించేటప్పుడు స్ప్రింగ్ 35 ఎంఎం అదనంగా నొక్కుకుని ఫోర్క్ రాయిలా అయిపోతుంది. అలా కాకూడదని పని తెలిసిన మెకానిక్ స్ప్రింగ్ పైన ఉండే ప్రీలోడ్ గొట్టాన్ని (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచేది) కూడా అంతే పొడవు కోసేస్తాడు, లేదా పొట్టి స్ప్రింగ్ వేస్తాడు. అప్పుడు లెక్క సరిపోయింది. ఇప్పుడు మీరొచ్చి కింది స్పేసర్ తీసేసి, కోసిన గొట్టాన్ని అలాగే పెట్టి మూత బిగించారు. ఫోర్క్ మళ్ళీ 35 ఎంఎం పొడవైంది, గొట్టం మాత్రం 35 పొట్టిదే. స్టాక్‌లో స్ప్రింగ్ మీద ఉండే బిగుతే పది ఎంఎం అటూ ఇటూ, అది పోగా ఇంకో పాతిక ఎంఎం ఖాళీ, స్ప్రింగ్ లోపల వదులుగా అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. చక్రం గాల్లోకి లేచి దిగినప్పుడల్లా టక్కుమని చప్పుడు, కూర్చోగానే ముందు భాగం చాలా కిందకి కుంగిపోవడం. స్టాక్‌కి తెచ్చాం కదా ఇంకా కిందకే ఉందేంటి అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

దీనికి మందు సింపులే, స్పేసర్ తీసినంత పొడవు పైన గొట్టంలో తిరిగి రావాలి. స్టాక్ గొట్టం దొరికితే అదే వేయండి. మామూలు డ్యాంపర్ రాడ్ ఫోర్కులైతే సరైన మందం ఉన్న పీవీసీ గొట్టం సరిగ్గా కొలిచి, చివర్లు వంకర లేకుండా కోసి, వాషర్లు పెట్టి వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, బాగానే పనిచేస్తుంది. క్లోజ్డ్ కార్ట్రిడ్జ్ ఫోర్కులైతే (ఆయిల్‌తో పనిచేసే లోపలి భాగం వేరే మూసిన గొట్టంలో ఉండేవి) ఇలాంటి ప్రయోగాలొద్దు, దానికి వేరే పనిముట్లు కావాలి, సస్పెన్షన్ షాపుకి ఇవ్వండి. ఎలాగూ విప్పారు కాబట్టి ఆయిల్ పాతది మళ్ళీ పోయకండి, ఆయిల్ లెవెల్ మాన్యువల్ చెప్పినట్టు, ఫోర్క్ మూసి, స్ప్రింగ్ తీసి, పై అంచు నుంచి కొలిచి పెట్టండి. పాత లెవెల్ లోయరింగ్‌కి సర్దింది అయ్యుండొచ్చు, దాన్నే కొలిచి అంతే పోయడం వల్ల ఉపయోగం లేదు.

ఇంకో రకం లోయరింగ్ ఉంది, స్ప్రింగ్ చుట్లు కోసేయడం. ఇది చూస్తే ఆ స్ప్రింగ్‌ని పక్కన పడేయండి, ఇంకేం ఆలోచించొద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగ్ పొట్టిదవ్వడమే కాదు, గట్టిదవుతుంది కూడా. దాని కింద ఎంత గొట్టం పెట్టి హైట్ తెచ్చినా మీకు కావల్సిన స్ప్రింగ్ కాదది.

వెనక షాక్ విషయంలో నా మాట సూటిగా చెప్తా, ఇంట్లో విప్పకండి. రిజర్వాయర్‌లో నైట్రోజన్ దాదాపు 10 బార్ ప్రెషర్‌లో ఉంటుంది, కారు టైరులో ఉండేది 2 చిల్లర. ప్రెషర్ వదలకుండా సర్‌క్లిప్ తీస్తే మొహం మీదికొస్తుంది. వదిలి తీసినా, స్పేసర్ తీసి మూసేటప్పుడు గాలి బుడగ లేకుండా ఆయిల్ నింపాలి, మళ్ళీ నైట్రోజన్ ఎక్కించాలి. మామూలు మెకానిక్ "చేసేద్దాం అన్నా" అంటే, నైట్రోజన్ మీ దగ్గరే ఎక్కిస్తారా అని ఒక్క ప్రశ్న అడగండి, తడబడితే బండి వెనక్కి తెచ్చుకోండి. అమెరికాలో అయితే చాలా పాపులర్ మోడళ్ళకి వాడిన స్టాక్ షాక్ మొత్తంగా దొరుకుతుంది, స్పేసర్ తీయించే ఖర్చు, దీని ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు షాక్ కొనేయడమే నయం. అదే ఏడాది, అదే వేరియంట్ కావాలి, పైన చెప్పిన రెండు హైట్‌ల గోల ఇక్కడ కూడా ఉంటుంది.

షాక్ పొడవు తిరిగొచ్చాక స్ప్రింగ్ బిగుతు కూడా తిరగరాయాలి. పొట్టి షాక్‌కి స్ప్రింగ్‌ని నొక్కి పట్టే రింగు వదులు చేసి ఉంటారు, పొడవు పెరిగాక ఆ వదులు ఇంకా ఎక్కువవుతుంది. అందుకే తర్వాతి సంగతి, సాగ్, అంటే బరువుకి సస్పెన్షన్ ఎంత కుంగుతుందో ఆ కొలత.

సాగ్ చూడకపోతే పని కానట్టే

హైట్ తగ్గించుకున్న మనిషి ఎలాంటి మనిషి? ఎక్కువసార్లు పొట్టి, తేలిక. 55 కేజీల మనిషికి మెత్తటి స్ప్రింగులు వేసి ఉండే అవకాశం ఎక్కువ. లేదా ట్రావెల్ తగ్గింది కాబట్టి అడుగంటకుండా గట్టి స్ప్రింగులు వేసి ఉండొచ్చు. రెండూ జరుగుతాయి, అందుకే ఊహించకండి. స్ప్రింగ్ మీద చాలా కంపెనీలు రేటు (ఎంత గట్టిదో చెప్పే అంకె) చెక్కి ఉంచుతాయి, చివరి చుట్టు మీద మట్టి తుడిచి చూడండి, మాన్యువల్‌లో స్టాక్ రేటుతో పోల్చండి. కేటీఎం ఈఎక్స్‌సీల స్టాక్ స్ప్రింగులు 75 నుంచి 85 కేజీల రైడర్ కోసమని కంపెనీయే చెప్తుంది, కాబట్టి స్టాక్ హైట్‌కి తెచ్చినా మీ బరువు దానికి దూరమైతే స్టాక్ స్ప్రింగే మీకు సరైనదని కూడా లేదు.

కొలవడం ఇలా. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ మీద ఒక గుర్తుకి కొలవండి, 600 వచ్చిందనుకుందాం. బండిని నేల మీద దానంతటది నిలబెట్టి కొలిస్తే 565. హెల్మెట్, బూట్లు, గేర్ అన్నీ వేసుకుని మీరు ఫుట్ పెగ్గుల మీద బరువు పెట్టి కూర్చుంటే, స్నేహితుడు కొలిస్తే, 497. మొదటి తేడా 35, అది స్టాటిక్ సాగ్. రెండోది 600 లోంచి 497 తీస్తే 103, అది రైడర్ సాగ్. 300 ఎంఎం ట్రావెల్ ఉన్న బండికి రైడర్ సాగ్ 100 చుట్టూ, అంటే మూడో వంతు, స్టాటిక్ 30 నుంచి 40 మధ్యలో ఉంటే స్ప్రింగ్ మీకు సరిపోయినట్టు. ట్రావెల్ 250 అయితే దాదాపు 80 దగ్గర మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామంది తల తిరిగే విషయం ఒకటి. రింగు బిగించి బిగించి రైడర్ సాగ్ 100కి తెచ్చారు, కానీ స్టాటిక్ చూస్తే 12 మాత్రమే ఉంది. అప్పుడు స్ప్రింగ్ గట్టిగా ఉందనిపిస్తుంది, నిజం తిరగేసి ఉంటుంది, స్ప్రింగ్ మెత్తనిది. మెత్తనిది కాబట్టే మీ బరువు ఆపడానికి అంతలా బిగించాల్సొచ్చింది, ఆ బిగుతు వల్ల బండి ఖాళీగా ఉన్నప్పుడు కుంగట్లేదు. అలాగే రైడర్ సాగ్ 100 దగ్గర స్టాటిక్ 50 దాటిపోతే స్ప్రింగ్ మీకు గట్టిది. రింగుతో స్ప్రింగ్ మెత్తదనం మారదు, ఎక్కడ మొదలవ్వాలో మాత్రమే మారుతుంది. లోయరింగ్ బండి స్టాక్‌కి తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడ ఆగిపోయి, ఎత్తొచ్చింది చాలు అనుకుంటారు, తర్వాత ఈ బండి ఎగిరెగిరి పడుతోంది అని తిడుతుంటారు.

క్లిక్కర్లు (సస్పెన్షన్ వేగాన్ని సర్దే ఆ స్క్రూలు) కూడా పాత ఓనర్ సెట్టింగ్‌లో ఉంచకండి. ఇప్పుడు ఎన్ని క్లిక్కుల మీద ఉన్నాయో రాసిపెట్టుకుని, మాన్యువల్ చెప్పిన స్టాక్ క్లిక్కులకి తెచ్చి, అక్కడ నుంచి మొదలుపెట్టండి.

ముందు వెనక ఒకేసారి

డబ్బుల ఇబ్బందితో ఈ నెల వెనక, వచ్చే నెల ముందు అని చేసేవాళ్ళకి ఒక మాట. డీఆర్‌జెడ్ వీల్‌బేస్ 1485 ఎంఎం. వెనక ఒక్కటే 25 ఎంఎం లేపితే బండి మొత్తం దాదాపు ఒక డిగ్రీ ముందుకి వంగుతుంది, ఫోర్క్ అంత నిటారుగా అవుతుంది. కాగితం మీద చిన్న అంకె, ఇసుకలోనో స్పీడ్ మీద రాళ్ళ రోడ్డులోనో హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైతే తెలుస్తుంది ఒక డిగ్రీ అంటే ఏంటో. ముందు ఒక్కటే లేపి వెనక వదిలేస్తే అంత భయం ఉండదు గానీ, మలుపులో ముందు చక్రం మీద బరువు లేక బండి బయటికి బయటికి పోతుంది. రెండూ సమానంగా దిగి ఉన్న బండి రెంటినీ కలిపి లేపేదాకా అలాగే నడపండి, సగం పనితో తిరగడం కన్నా అదే క్షేమం. వెనక లింకు మీ చేతిలో ఉండి, ముందు స్పేసర్ పని షాపులో ఆగి ఉంటే, లింకు డబ్బాలోనే ఉండనివ్వండి.

చిన్నవి, కానీ వదిలేస్తే పడేసేవి

సైడ్ స్టాండ్. లోయరింగ్ బళ్ళకి స్టాండ్ కోసి వెల్డింగ్ చేసి ఉంటారు, లేదంటే బండి నిటారుగా నిలబడి అటు పక్కకి పడుతుంది. హైట్ తిరిగొచ్చాక అదే పొట్టి స్టాండ్ మీద బండి మరీ ఎడమకి వాలిపోతుంది, మెత్తటి నేల అయితే ఇక పడ్డట్టే. పనితో పాటే స్టాక్ స్టాండ్ ఆర్డర్ పెట్టేయండి, మళ్ళీ వెల్డింగ్ ముక్క అతికించే పని పెట్టుకోవద్దు.

బ్రేక్ హోస్, క్లచ్ కేబుల్. ముందు భాగం దిగినప్పుడు హోస్ పొడవైపోయి వేలాడుతుంటే కొందరు దాన్ని టై వేసి పైకి లాగి కట్టేస్తారు, కొందరు పొట్టి హోసే వేసేస్తారు. ఫోర్క్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు, హ్యాండిల్ ఎడమ చివర నుంచి కుడి చివరకి తిప్పుతూ హోస్ ఎక్కడా బిగుసుకోకుండా ఉందా చూడండి. వెనక హోస్, ఏబీఎస్ బళ్ళయితే సెన్సర్ వైరు కూడా.

చైన్. వెనక భాగం లేచాక స్వింగ్ ఆర్మ్ ఏటవాలు పెరుగుతుంది, అంతకుముందు సరిగ్గా ఉన్న చైన్ స్టాండ్ మీద చూస్తే వదులుగా కనిపిస్తుంది. కంగారుపడి బిగించేయకండి. చైన్ అన్నిటికన్నా బిగుతుగా ఉండేది ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు. షాక్ విప్పి ఉన్నప్పుడే స్వింగ్ ఆర్మ్‌ని ఆ గీతకి లేపి, అక్కడ కొద్దిగా వదులు మిగిలేలా సర్ది, తర్వాత స్టాండ్ మీద అది ఎంత వదులు అవుతుందో కొలిచి రాసిపెట్టుకోండి. మాన్యువల్ అంకెకి దగ్గరగానే వస్తుంది, రాకపోతే ఇంకా ఎక్కడో లోయరింగ్ మిగిలి ఉందేమో చూసుకోవాల్సిందే.

ముందు చక్రం బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు బిగించాక, ఫోర్క్ కాలు కింద ఉండే పించ్ బోల్టులు బిగించే ముందు, ముందు బ్రేక్ పట్టి ఫోర్క్‌ని నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి. రెండు కాళ్ళూ వాటంతటవే సమానంగా సర్దుకుంటాయి. ఇది చేయకపోతే ఎంత మంచి స్ప్రింగ్ వేసినా ఫోర్క్ గీక్కుంటూ కదులుతుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడే స్టీరింగ్ కోన్ సెట్ ఆడుతోందేమో కూడా చూసేయండి. హెడ్‌లైట్ ఎత్తు రాత్రి గోడ మీద వేసి సరిచేసుకోండి.

మొదటి రైడ్ దగ్గర్లోనే పెట్టుకోండి, ఇంటికొచ్చాక లింకేజీ బోల్టులు, క్లాంప్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి. కొత్త స్ప్రింగ్ వేసుంటే కొద్ది రైడ్లకి సర్దుకుంటుంది, సాగ్ మళ్ళీ కొలవాలి. ఫోర్క్ గొట్టానికి ఒక జిప్ టై కట్టి ఉంచితే ఎంత ట్రావెల్ వాడుతున్నారో కనపడుతుంది, గట్టి దెబ్బకి దాదాపు చివరిదాకా వెళ్ళాలి, ప్రతి గుంతకీ చివరిదాకా వెళ్ళకూడదు.

ఇక కాళ్ళు ఆనట్లేదు అనే సమస్య మిగులుతుంది, అది నిజమైన సమస్యే. దానికి నేను చెప్పేది, ముందు స్టాక్ హైట్‌లో సాగ్ సరిగ్గా పెట్టుకుని కొన్నాళ్ళు నడిపి చూడండి, ఎందుకంటే సరైన సాగ్‌తో మీరు కూర్చున్నాక సీటు కాగితం మీద ఉన్న అంకెకన్నా బాగా కిందకి వస్తుంది. ఆగేటప్పుడు సీటు మీద ఒక పక్కకి జరిగి ఒక్క కాలు పూర్తిగా ఆనించడం అలవాటు చేసుకోండి, రెండు కాళ్ళ మునివేళ్ళకన్నా ఒక్క పాదం గట్టిది. అప్పటికీ కుదరకపోతే లో సీటు ఒకటి వేసుకోండి, ట్రావెల్ జోలికి పోకుండా రెండు సెంటీమీటర్లు వస్తాయి. ఇంకా తగ్గించి తీరాలంటే అప్పుడు మంచి షాపులో ముందూ వెనకా సమానంగా, స్ప్రింగులతో సహా లోపల చేయించుకోండి, ఎంత ఎంఎం తీశారో బిల్లు మీద రాయించుకుని, తీసిన స్టాక్ పార్టులతో పాటు అదే డబ్బాలో పెట్టండి. రేపు మీ దగ్గర కొనేవాడికి ఆ డబ్బా ఇస్తే టేపు పట్టుకుని వెతికే పని వాడికి ఉండదు.